స్పెయిన్‌లో మా బిల్డింగ్‌కి మమ్మల్ని ప్రెసిదెంతె (యజమానుల సంఘం అధ్యక్షులు) చేశారు, వద్దనొచ్చా?

కాకినాడ_కిరణ్
వలెన్సియాలో మేం ఫ్లాట్ కొని 14 నెలలైంది. 1974లో కట్టిన బిల్డింగ్. ఐదంతస్తులు, అంతస్తుకి నాలుగిళ్లు, కింద రోడ్డు వైపు రెండు షాపులు. లిఫ్ట్ లేదు. చెల్లి పెళ్లికని మూడు వారాలు కాకినాడ వెళ్లాం. మొన్న రాత్రి వచ్చి పోస్టు డబ్బా తెరిస్తే కొమునిదాద్ (యజమానుల సంఘం) వాళ్ల ఆక్తా (మీటింగ్ నిర్ణయాల కాగితం) ఉంది. మేం ఊళ్లో లేనప్పుడు హుంతా, అంటే యజమానుల మీటింగ్, పెట్టారట. నాలుగో అంశంలో "వంతు ప్రకారం ఈ ఏడాది ప్రెసిదెంతె పుఎర్తా 11 యజమానులు" అని రాసుంది. పుఎర్తా 11, అంటే 11వ నంబరు ఇల్లు, మాదే.

నన్నెవరూ అడగలేదు. ఒక్క ఫోన్ కూడా చేయలేదు. నాకు స్పానిష్ అంతంతమాత్రం, ఆఫీసులో అంతా ఇంగ్లీషే. పైగా ఐదో అంతస్తులో ఉండే 81 ఏళ్ల పెద్దావిడ లిఫ్ట్ కావాలని అర్జీ పెట్టుకుందట. దాని మీద కొత్త ప్రెసిదెంతె మళ్లీ హుంతా పిలవాలని అదే కాగితంలో ఉంది. రెండు రోజుల నుంచి నిద్ర లేదు, ఒకటే టెన్షన్. వద్దని చెప్పొచ్చా? చెబితే ఏమవుతుంది?

మలగ_మాధవి
ముందు కంగ్రాట్స్ ప్రెసిదెంతె గారూ. లడ్డూలు మలగా దాకా రావాలి.

లెగనేస్_శ్రీను
కిరణ్ తమ్ముడూ, కంగారు పడకు. మాడ్రిడ్ పక్కన లెగనేస్‌లో నేను ఈ పని రెండుసార్లు చేశాను.

చట్టం పేరు లెయ్ దె ప్రొపియెదాద్ ఒరిసొంతాల్. 1960లో వచ్చింది, 49వ నంబరు. ఆ తర్వాత చాలాసార్లు మార్చారు గానీ ఇప్పటికీ అన్నిటికీ అదే ఆధారం. 13వ ఆర్టికల్ చదువు. ప్రెసిదెంతె యజమానుల్లోంచే రావాలి. ఎన్నుకుంటారు, లేదంటే వంతు, అదీ కాదంటే చీటీ. పేరు వచ్చాక చేయడం తప్పనిసరి. వద్దనుకుంటే నెల లోపల జడ్జికి కారణం చెప్పుకోవాలి. ఒంట్లో బాగోలేదు, వేరే ఊళ్లో ఉంటున్నాం, వయసు మీద పడింది, ఇలాంటివి వింటారు. పని ఎక్కువగా ఉంది అంటే వింటారని నేను అనుకోను. నెల అంటే నువ్వు కాగితం చదివిన రోజు నుంచి కాదు, పదవి వచ్చిన రోజు నుంచి.

పదవి ఒక్క ఏడాదే, మీ ఎస్తతూతోస్‌లో (బిల్డింగ్ నియమావళిలో) వేరేగా రాసుంటే తప్ప. లెక్కలు, బిల్లులు, ఉత్తరాలు అద్మినిస్త్రదోర్ (బిల్డింగ్ మేనేజర్) చూసుకుంటాడు. నీ పని హుంతా పిలవడం, సంతకాలు, బ్యాంకు, కోర్టు గొడవ వస్తే కొమునిదాద్ తరఫున నిలబడటం. నా మాట విని చెయ్. కాగితాలన్నీ నీ చేతిలో ఉంటాయి, నీ ఇంటి డబ్బు ఎటు పోతోందో మొదటిసారి నీకే తెలుస్తుంది.

బార్సా_భాస్కర్
ఆగండాగండి. హుంతాకి ఎనిమిది రోజుల ముందు నోటీసివ్వాలి. మీకు అందలేదు కాబట్టి అసలా మీటింగే చెల్లదు. ఛాలెంజ్ చేయండి.

లెగనేస్_శ్రీను
భాస్కర్ గారూ, ఎనిమిది రోజులనేది మీ కతలూన్యాలో. మీకు సొంత సివిల్ కోడ్ ఉంది, అందులో ఐదో పుస్తకం, 553తో మొదలయ్యే ఆర్టికల్స్. వలెన్సియాకి అది వర్తించదు. ఇక్కడ ఏటా జరిగే హుంతాకి ఆరు రోజులు చాలు. అర్జెంటు హుంతా అయితే అందరికీ తెలిసేంత ముందుగా చెబితే చాలు.

బార్సా_భాస్కర్
నిజమే, నేను మా ఊరి సంగతే రాశాను. కొనేవాళ్లు ఇది కూడా గుర్తుపెట్టుకోండి. పాత యజమాని కట్టని మెయింటెనెన్స్ బాకీకి ఇల్లే హామీ. మా దగ్గర ఈ ఏడాదిదీ, వెనక నాలుగేళ్లదీ కొత్త యజమాని మీదికి వస్తుంది. మిగతా స్పెయిన్‌లో ఈ ఏడాదీ, వెనక మూడేళ్లూ. బాకీ లేదని సర్టిఫికెట్ తీసుకోకుండా నోటరీ దగ్గర సంతకం పెట్టొద్దు. మా కొలీగ్ ఒకతను ఆ కాగితం అడగకుండా కొన్నాడు, చివరికి 2,100 యూరోలు కట్టాడు.

కాకినాడ_కిరణ్
శ్రీను అన్నా, థ్యాంక్స్. ఇప్పుడే డబ్బాలో పిజ్జా కాగితాల కింద వెతికితే కొన్‌వొకతోరియా (మీటింగ్ నోటీసు) దొరికింది. మీటింగ్‌కి తొమ్మిది రోజుల ముందు వేశారు. మేం బయల్దేరిన మర్నాడు. అంటే తప్పు వాళ్లది కాదన్నమాట.

నెల నిండడానికి ఇంకా రెండు వారాల పైనే ఉంది.

లెగనేస్_శ్రీను
ఊరెళ్లేటప్పుడు అద్మినిస్త్రదోర్‌కి మెయిల్ ఐడీ గానీ ఇక్కడే వేరే అడ్రసు గానీ రాసివ్వాలి. ఏమీ ఇవ్వకపోతే నీ ఫ్లాటే నీ అడ్రసు. అక్కడ ఇచ్చినా నీకు ఇచ్చినట్టే లెక్క. అదీ కుదరకపోతే నోటీసు బోర్డు మీద అంటిస్తారు, మూడు రోజులకి చెల్లుబాటవుతుంది.

గుంటూరు_గోపి
నేను శ్రీను గారితో ఏకీభవించను. కిరణ్ గారూ, నాకు జరిగింది చెప్తా వినండి. సరగోసాలో 2021లో నా వంతు వచ్చింది. పైకప్పు కారుతుంటే దెర్రామా (అదనపు వసూలు) వేశారు, ఇంటికి 900 యూరోలు. బాగుచేసినవాడు సరిగా చేయలేదు. వాన పడితే చాలు, రాత్రి పదింటికి పై ఫ్లాట్ ఆయన బకెట్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడేవాడు. మా పాప భయపడి ఏడ్చేది. జీతం లేదు, థ్యాంక్స్ లేదు. భాష రానివాడు ఆ మధ్యలో ఇరుక్కుంటే ఎంత నలుగుతాడో నాకు తెలుసు. మంచి కారణం ఒకటి రాసుకుని జడ్జి దగ్గరికే వెళ్లండి.

లెగనేస్_శ్రీను
గోపీ, నీ కష్టం కష్టమే. కానీ ఆ బకెట్ ఆయన్ని అద్మినిస్త్రదోర్ దగ్గరికి పంపాల్సింది. ప్రెసిదెంతె ఇంటికి రావాల్సిన పనేం లేదు.

గుంటూరు_గోపి
రాత్రి పదింటికి అద్మినిస్త్రదోర్ ఫోన్ ఎత్తుతాడా అన్నా?

అలికాంతే_పద్మ
గోపి గారు చెప్పింది నిజం, శ్రీను గారు చెప్పిందీ నిజం. బిల్డింగ్‌ని బట్టి ఉంటుంది. మాది తొర్రెవియెహా. సగం మంది యజమానులు ఇంగ్లండు, స్వీడన్, నార్వే వాళ్లు. హుంతాలో ట్రాన్స్‌లేటర్ కూర్చుని ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చెప్తుంది. పోయినసారి ప్రెసిదెంతెకి స్పానిష్ ఒక్క ముక్క రాదు, అయినా ఏడాది గడిచింది.

కిరణ్ గారూ, ఒక్క మాట అడుగుతా. ఎస్క్రితూరాలో (ఇంటి దస్తావేజులో) మీ ఆవిడ పేరు ఉందా?

కాకినాడ_కిరణ్
ఉందండీ. చెరి సగం. తను ఇక్కడ సర్కారు భాషా బడిలో స్పానిష్ బీ-వన్ పాసైంది. కింద పండ్ల కొట్టు ఆవిడతో గంటలకొద్దీ మాట్లాడుతుంది.

అలికాంతే_పద్మ
ఇంకేం మరి. ఆక్తాలో "పుఎర్తా 11 యజమానులు" అనే ఉంది కదా. ఇద్దరు యజమానులున్న ఇంటికి ఒకరు ప్రతినిధిగా ఉండాలి, ఎవరన్నది మీ ఇష్టం. ఆవిడనే ఉండమనండి. ఆ సంగతి అద్మినిస్త్రదోర్‌కి రాసిచ్చి, తర్వాతి ఆక్తాలో పేరు ఎక్కించమనండి. మా ఆయన పేరున ఫ్లాట్ ఉన్నంతకాలం హుంతాకి ఆయన సంతకం పెట్టిన చీటీ పట్టుకెళ్లేదాన్ని. చీటీ ఉంటే చాలు, ఓటు వేయనిస్తారు. కానీ ప్రెసిదెంతెగా ఉండాలంటే యజమానే అయి ఉండాలి.

కొత్తగా_వచ్చా
మేం హెతాఫేలో అద్దెకుంటున్నాం. హుంతాకి వెళ్లొచ్చా? మెయింటెనెన్స్ మేమే కడుతున్నాం మరి.

లెగనేస్_శ్రీను
ఓటు యజమానిది. ఆయన రాసిస్తే ఆయన తరఫున వెళ్లొచ్చు. మెయింటెనెన్స్ కూడా కొమునిదాద్ దృష్టిలో యజమాని బాధ్యతే. మీ మీద వేయాలంటే అద్దె కాంట్రాక్టులో ఏడాదికి ఎంతో రాసి ఉండాలి. కాంట్రాక్టు తీసి చూసుకోండి.

మియాపూర్_టు_మాడ్రిడ్
మన దగ్గర లాగే అనుకుని నేనూ మొదట్లో పొరపడ్డాను. హైదరాబాద్‌లో 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ఉన్నా, అసోసియేషన్‌ని మనం కూర్చుని రిజిస్టర్ చేయించాలి. మియాపూర్‌లో మా పాత అపార్ట్‌మెంట్‌లో అందుకే రెండేళ్లు కొట్టుకున్నారు. ఇక్కడ బిల్డింగ్ పుట్టడంతోనే కొమునిదాద్ పుడుతుంది. చేరాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. పన్ను నంబరు కూడా ఉంటుంది, హెచ్ అక్షరంతో మొదలవుతుంది.

ఇంకో తేడా, ఖర్చు పంచుకోవడం. అక్కడ మాకు ఇంటికి ఇంతని సమానంగా వేసేవారు. ఇక్కడ ఎస్క్రితూరాలో ఉన్న కోఎఫిసియెంతె (బిల్డింగ్‌లో ఆ ఇంటి వాటా శాతం) ప్రకారం. మా మూడు గదుల ఇంటికి 3.2 శాతం, ఎదురింటికి 2.7. ఎదురింటాయన ఎప్పుడు కనబడినా ఆ తేడా గుర్తుచేస్తుంటాడు.

ఓరుగల్లు_వంశీ
మెయింటెనెన్స్ అంటే గుర్తొచ్చింది. బ్యాంకు అకౌంట్ మార్చి కొమునిదాద్‌కి చెప్పడం మర్చిపోయాను. ఒక నెల డబ్బు వెనక్కి పోయింది, 63 యూరోలు. తర్వాతి హుంతా కాగితంలో బాకీదారుల పట్టికలో నా పేరు, ఎదురుగా 63. వాళ్ల తప్పేమీ లేదు, చట్టమే అలా రాయమంటుంది. మీటింగ్‌లో కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, ఓటు లేదు. ఆ రోజే మా వీధి షాపుల వైపు తలుపు మార్చే విషయం ఓటుకొచ్చింది, రెండు ఓట్ల తేడాతో పోయింది. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది.

లెగనేస్_శ్రీను
హుంతా మొదలయ్యేలోపు కట్టేసి రసీదు చూపిస్తే ఓటు తిరిగి వస్తుంది వంశీ. అందరూ గుర్తుంచుకోండి. ముందురోజే అద్మినిస్త్రదోర్‌కి ఫోన్ చేసి బాకీ ఉందా అని అడగండి.

ఏలూరు_హరి
శ్రీను గారూ, టూరిస్టు ఫ్లాట్ల గురించి కూడా చెప్పండి. మలగాలో 2022లో లైసెన్సుతో నడుపుతున్నాను. ఇప్పుడు మా వాళ్లు ఆపేయమంటున్నారు.

మలగ_మాధవి
హరి గారూ, మీ మీద కోపంతో కాదు గానీ మా మెట్ల దగ్గర ఒకసారి నిలబడి చూడండి. తెల్లవారుజామున మూడింటికి సూట్‌కేసు చక్రాల చప్పుడు. తాళం తెరవడం రాక మా బెల్ కొడతారు. మా అత్తగారు బీపీ మనిషి.

లెగనేస్_శ్రీను
2025 ఏప్రిల్ 3 నుంచి కొత్త నియమం. టూరిస్టు ఫ్లాట్ మొదలుపెట్టాలంటే ముందే కొమునిదాద్ ఒప్పుకోవాలి, అయిదింట మూడు వంతుల మంది, వాళ్ల కోఎఫిసియెంతె కూడా అయిదింట మూడు వంతులు. అంతకుముందే చట్టప్రకారం నడుపుతున్నవాళ్ల మీద ఇది వెనక్కి వర్తించదు. కాబట్టి హరీ, అన్ని కాగితాలూ సక్రమంగా ఉంటే ఆపేయమనలేరు. కానీ మెయింటెనెన్స్ 20 శాతం దాకా ఎక్కువ వేయడానికి వాళ్లకి దారి ఉంది. అల్లరి మితిమీరితే 7వ ఆర్టికల్ వేరే ఉంది, అది ఎవరికైనా వర్తిస్తుంది.

ఏలూరు_హరి
మాధవి గారూ, తాళం మార్చి నంబర్ల తాళం పెట్టిస్తాను. మీరున్నది మా బిల్డింగ్ కాకపోయినా మీ మాట తగిలింది.

మలగ_మాధవి
సంతోషం హరి గారూ.

ఇంకో సంగతి చెప్తాను, అసొతేయా, అంటే మేడ గురించి. పోయినేడు జులైలో మా మేడ మీద పాత నేత చీర పరిచి బియ్యప్పిండి వడియాలు పెట్టాను. ఇక్కడి ఎండ మన రోహిణి కార్తెలా ఉంటుంది, రెండు రోజుల్లో గలగలమన్నాయి. మూడో రోజు పైకెళ్లేసరికి రెండో అంతస్తు ఆవిడ చీర చుట్టూ తిరిగి ఫొటోలు తీస్తోంది. ఆ నెల హుంతాలో చివరి అంశం, ప్రశ్నలు విన్నపాలు, అక్కడ నా వడియాలు వచ్చాయి. మేడ అందరిదీ, నేను ముప్పావు వంతు ఆక్రమించానట. ఆవిడ చెప్పింది సబబే, నేను అడక్కుండా పరిచాను. వేయించినవి ఒక డబ్బా పట్టుకెళ్లి అందరికీ పెట్టాను. ఈసారి అజెండాలో పెట్టించి అడిగాను. దక్షిణం మూల, నీళ్ల ట్యాంకు పక్కన, జులైలో వారం రోజులు నాకిచ్చారు. ఆక్తాలో "బియ్యం అప్పడాలు" అని రాసుకున్నారు.

అలికాంతే_పద్మ
ఆ ఆక్తా ఫ్రేము కట్టించండి మాధవీ! మాకు పాతియో (బిల్డింగ్ లోపలి ఖాళీ జాగా) గొడవ. వంటింటి కిటికీ దాని మీదికే, పోపు పెట్టగానే నాలుగు కిటికీలు మూసుకుంటాయి. పొయ్యి మీద చిమ్నీ పెట్టించాక తగ్గింది.

బార్సా_భాస్కర్
ఏసీ బయటి యూనిట్ వీధి వైపు గోడకి బిగించేముందు కూడా అడగండి. బయటి గోడ అందరిదీ. మా బిల్డింగ్‌లో ఒకాయన అడగకుండా బాల్కనీకి అల్యూమినియం అద్దాలు వేయించాడు. కోర్టు తీయించేసింది.

కాకినాడ_కిరణ్
అందరికీ ధన్యవాదాలు. రాత్రి లక్ష్మికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. తను చేస్తానంది. ఇవాళ అద్మినిస్త్రదోర్ ఆఫీసుకెళ్లి పేరు రాసిచ్చాం.

ఇప్పుడు లిఫ్ట్ సంగతి. ఆక్తాతో పాటు ఎస్టిమేట్ పెట్టారు, 96,000 యూరోలు. మా నెల మెయింటెనెన్స్ ఇంటికి 40. ప్రతి ఫ్లాట్‌కి 4.1 శాతం, రెండు షాపులకి చెరో 9. షాపుల వాళ్లు మేం మెట్లే ఎక్కం, పైసా ఇవ్వం అంటున్నారు. ఎస్తతూతోస్‌లో వాళ్లకి మెట్ల శుభ్రత, లైట్ల ఖర్చు నుంచి మినహాయింపు ఉంది. ఎన్ని ఓట్లు కావాలి?

లెగనేస్_శ్రీను
ఇదే అసలు పని. నెమ్మదిగా చదువు.

ఓట్లు: లిఫ్ట్ విషయంలో, వికలాంగులకి అడ్డంకులు తీసేసే పనుల్లో, మొత్తం యజమానుల్లో సగానికి పైన, వాళ్ల కోఎఫిసియెంతె కూడా సగానికి పైన ఉంటే చాలు. 17వ ఆర్టికల్ రెండో భాగం. మిగతా చాలా పనులకి అయిదింట మూడు వంతులు అడుగుతారు, ఎస్తతూతోస్ మార్చాలంటే అందరూ ఒప్పుకోవాలి. దీనికి మాత్రం తగ్గించారు, ముసలివాళ్ల కోసమే. అలా పాసైతే వద్దన్నవాళ్లూ కట్టాల్సిందే.

ఓట్లు రాకపోయినా ఆ పెద్దావిడకి ఇంకో దారి ఉంది, 10వ ఆర్టికల్. ఇంట్లో 70 దాటినవాళ్లో వికలాంగులో ఉండి అడిగితే పని చేయడం తప్పనిసరి. షరతు ఏంటంటే, గ్రాంట్లు పోగా ఏడాదికి మీ మీద పడేది 12 నెలల మామూలు మెయింటెనెన్స్‌ని మించకూడదు. సర్కారు సాయం ఖర్చులో 75 శాతం అందేలా ఉన్నా తప్పనిసరే. నీ లెక్క చూడు. నెలకి ఫ్లాట్‌కి 40 అంటే ఏడాదికి 480. లిఫ్ట్‌లో నీ వాటా 96,000లో 4.1 శాతం, అంటే 3,936. పదేళ్ల మీద వేస్తే ఏడాదికి 394, వడ్డీ అదనం. 480 లోపలే ఉంటుంది. ఒక్కసారిగా 3,936 కట్టమంటే అందరూ భయపడతారు, నెలకి 33 అంటే కూర్చుని వింటారు. మీటింగ్‌లో మొదట ఆ అంకె చెప్పండి.

షాపులు: మెట్ల శుభ్రత, లైట్ల మినహాయింపు వేరు, కొత్తగా లిఫ్ట్ పెట్టే ఖర్చు వేరు. నడిపే ఖర్చు నుంచి మినహాయించినంత మాత్రాన పెట్టే ఖర్చు నుంచి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. అయినా ఆ కాగితంలో అక్షరాలా ఏం రాసుందో లాయర్‌కి చూపించండి, ఒక్క మాట తేడాలో అర్థం మారుతుంది.

అజెండా రాసేటప్పుడు జాగ్రత్త. లిఫ్ట్ పెట్టడం, ఏ ఎస్టిమేట్, అప్పు, ఎవరెంత, ఒక్కొక్కటీ వేరే అంశంగా రాయించండి. అజెండాలో లేనిదాని మీద ఓటు పెడితే చెల్లదు. మాధవి గారి వడియాలు మొదటిసారి ఎందుకు తేలలేదో అదే కారణం.

గుంటూరు_గోపి
ఇది ఒప్పుకుంటున్నా శ్రీను అన్నా. నాకప్పుడు ఇలా ఎవరైనా చెప్పి ఉంటే ఆ దెర్రామా వాయిదాల్లో వేయించేవాణ్ణి.

కిరణ్ గారూ, రాని వాళ్ల మీద దృష్టి పెట్టండి. మా బిల్డింగ్‌లో సగం మంది ఎప్పుడూ రారు.

లెగనేస్_శ్రీను
గోపి మంచి మాట అన్నాడు. రానివాళ్లకి ఏం నిర్ణయించారో తెలియజేయాలి. తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో "మాకు ఇష్టం లేదు" అని రాసి పంపకపోతే వాళ్లది అవునన్నట్టే లెక్క. అందుకే ఆక్తా వచ్చినప్పుడు చదవకుండా పక్కన పడేయొద్దని అందరికీ చెప్తాను.

కాకినాడ_కిరణ్
నాకు జరిగింది చాలదా అన్నా, ఇక ప్రతి కాగితం చదువుతాను.

పుఎర్తా11_లక్ష్మి
కిరణ్ భార్యని. మీ అందరి మాటలూ చదివాక నేనే అకౌంట్ తెరిచాను. నిన్న రాత్రి హుంతా అయింది, చెప్పాలనిపించింది.

వారం ముందు పుఎర్తా 18 పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. మెట్లు లెక్కపెట్టాను, కింద నుంచి 88. ఆవిడ బాల్కనీ కమ్మీకి ఒక తాడు కట్టి ఉంది, దాని చివర గుడ్డ సంచి. పొద్దున రొట్టెల కొట్టు అబ్బాయి కిందికి దిగిన సంచిలో రొట్టె వేస్తాడు, ఆవిడ పైకి లాక్కుంటుంది. తాడు రాసుకుని కమ్మీ రంగు ఒకచోట పూర్తిగా పోయింది. కిందికి దిగి రెండు నెలలైందట, అదీ ఆసుపత్రికి. మీటింగ్‌కి రాలేను, నా ఓటు నువ్వే వెయ్ అని కాగితం మీద సంతకం పెట్టిచ్చింది. చెయ్యి వణుకుతుంటే పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. నేను మా నాయనమ్మని తలుచుకున్నాను.

మీటింగ్ కింద ద్వారం దగ్గరే. ఎవరి కుర్చీలు వాళ్లు తెచ్చుకున్నారు. ఏడింటికి మొదటి పిలుపు, ఎవరూ లేరు. ఏడున్నరకి రెండో పిలుపు, అప్పుడొచ్చారు. శ్రీను గారు చెప్పినట్టు మొదట నెలకి 33 అంకె చెప్పాను. మెడికల్ షాపు పక్కన బాహో (కింది షాపు) యజమాని చాలా గట్టిగా అరిచాడు. నా గొంతు వణికింది గానీ ఆపలేదు. తప్పుగా మాట్లాడిన చోట పుఎర్తా 4 పెద్దాయన పదం అందించాడు.

మొత్తం 22 మంది. ఒకరికి బాకీ ఉంది, ఓటు లేదు, లెక్కలోంచి కూడా తీసేశారు. మిగిలింది 21, కావాల్సింది 11. అవును 10. కాదు 4, రెండు షాపులు, రెండు ఇళ్లు. రానివాళ్లు 7. ఒక్క ఓటు తక్కువ. ఇప్పుడు ఆ 30 రోజులు ఎదురుచూడాలి. బాహో ఆయన తన ఓటు వ్యతిరేకంగా ఉన్నట్టు ఆక్తాలో స్పష్టంగా రాయించుకున్నాడు. ఎందుకు?

లెగనేస్_శ్రీను
శభాష్ అమ్మా.

మీటింగ్‌కి వచ్చినవాడు కోర్టుకి వెళ్లాలంటే అక్కడే వ్యతిరేకించి ఉండాలి, బాకీ లేకుండా ఉండాలి. అందుకే రాయించుకున్నాడు. మామూలుగా మూడు నెలల గడువు, చట్టానికో ఎస్తతూతోస్‌కో విరుద్ధమంటే ఏడాది. అది ఆయన హక్కు, ఆయనతో గొడవ పడొద్దు. ఆక్తా మీద మాత్రం పది రోజుల్లో నీ సంతకం, సెక్రటరీ సంతకం పడాలి, ఆ తర్వాత అందరికీ పంపాలి. రానివాళ్లకి చేరినట్టు రుజువు ఉంచుకో.

అలికాంతే_పద్మ
ఆ తాడు సంగతి చదివి కళ్లు చెమర్చాయి లక్ష్మీ.

ఓరుగల్లు_వంశీ
ఆ బాకీ ఉన్నాయనది ఎంతట?

పుఎర్తా11_లక్ష్మి
చెప్పకూడదు వంశీ గారూ, కానీ మీ 63 కంటే ఎక్కువే.

మలగ_మాధవి
ఏమైంది లక్ష్మీ? రోజులు లెక్కపెడుతున్నాను.

పుఎర్తా11_లక్ష్మి
నిన్నటితో 30 రోజులు పూర్తయ్యాయి. ఏడుగురిలో ఇద్దరు వద్దని రాశారు, అందులో ఒకటి బ్యాంకు చేతిలో ఉన్న ఫ్లాట్. మిగతా ఐదుగురి నుంచి ఏమీ రాలేదు. 10, 5, కలిపి 15. కోఎఫిసియెంతె 61.5 శాతం. పాసైంది.

ఇవాళ పొద్దున అద్మినిస్త్రదోర్ ఆఫీసులో ఆ లెక్క ఆక్తా పుస్తకంలో ఎక్కించారు. పేజీల మీద రిజిస్ట్రీ ముద్రలున్న పెద్ద పుస్తకం, మొదటి పేజీలు చేతిరాతవి. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు. తెలుగులో పెట్టాను. అతను తలెత్తి చూసి, ఇది ఏ లిపి అని అడిగి, కింద నా పేరు స్పానిష్ అక్షరాల్లో కూడా రాయమన్నాడు.

తిరిగొస్తూ 88 మెట్లెక్కి చెప్పాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు, వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టింది.

శ్రీను గారూ, మంగళవారం ఆర్కిటెక్ట్ వస్తాడు. మెట్ల మధ్య ఖాళీ 92 సెంటీమీటర్లే ఉంది, మెట్లు కోయాలా, లేక వెనక పాతియోలో కట్టాలా అంటున్నారు. పాతియో అయితే పుఎర్తా 3 వంటింటి కిటికీకి వెలుతురు పోతుంది. ఆవిడ అవునని ఓటేసిన మనిషి. ఏం అడగాలో చెప్పండి.

లెగనేస్_శ్రీను
ముందు ఆ పుఎర్తా 3 ఆవిడని మంగళవారం నీ పక్కనే ఉంచుకో. రాత్రికి వివరంగా రాస్తాను.